ఆకుకొట్టు అబ్బాయి నేస్తాలు

నాకు కుర్చీ వేశారు. అతనికి పీట కూడా వెయ్యలేదు.

గోపాల్‌పూర్ జాలరిపేటలో, కులపెద్ద ఇంటి ముందు జరిగింది ఇది. కుర్చీని ఎవరింట్లోంచో మోసుకొచ్చి, తువ్వాలుతో దులిపి, నన్ను కూర్చోమన్నారు. నాతో వచ్చిన ఆకుకొట్టు అబ్బాయి మాత్రం చెప్పులు బయట విడిచి, ఎవరినీ అడక్కుండా తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్లి నేల మీద చతికిలబడ్డాడు. కులపెద్ద భార్య అతన్ని చూస్తూనే తిట్లు లంకించుకుంది. ఇన్నాళ్లూ ఏమైపోయావు, అలా చిక్కిపోయావేం, మీ అమ్మ తిండి పెట్టడం మానేసిందా అని. నన్ను ఆ పేటలో ఎవరూ తిట్టలేదు. నాకన్నీ నమస్కారాలే. ఆ కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఆ తిట్లు వింటుంటే నాకు కడుపు మండిపోయింది.

ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి ఏళ్ల మాట ఇది. అంతవరకూ మదరాసు వైపు చూసిన బరంపురం కటకం వైపు తిరిగి కూర్చుంది. కచేరీల మీద బోర్డులు మారాయి. మా పేట గోసాని నువాగాం అరుగుల మీద పొద్దస్తమానం ఒకటే చర్చ. తెలుగు బళ్లు ఉంటాయా, ఊడతాయా, మన పిల్లలకు ఉద్యోగాలు ఎవరిస్తారు అని. మా నాన్నగారు తెలుగు బడిలో పంతులు కాబట్టి మా అరుగు మీద ఆ చర్చ మరికాస్త వేడిగా సాగేది. నేను చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, తెలుగు యువజన సంఘంలో జీతం లేని కార్యకర్తగా చేరాను. పఠన మందిరం తలుపులు తీయడం, సాయంత్రం కుర్రాళ్లచేత కసరత్తు చేయించడం, చదువు రానివాళ్లకు నాలుగు అక్షరాలు చెప్పడం నా పని.

మా సంఘం అధ్యక్షులు ఒక పెద్ద ప్లీడరుగారు. తెలుగు కుర్రాళ్లు ఒక అరుగు మీద, ఒడియా కుర్రాళ్లు ఒక అరుగు మీద మూతులు ముడుచుకుని కూర్చుంటే ఊరు బాగుపడదని ఆయన అభిప్రాయం. ఆ వేసవిలో ఠాకురాణి యాత్ర, మా ఊరి అమ్మవారి జాతర, వస్తోంది. ఎండలో చుట్టుపక్కల పల్లెలన్నీ బరంపురం మీదికి కదిలి వస్తాయి. చలివేంద్రాలు నడపాలి, తప్పిపోయిన పిల్లల్ని వెతకాలి, సొమ్మసిల్లిన ముసలివాళ్లను నీడకు చేర్చాలి. దానికి రెండు భాషల కుర్రాళ్లనీ కలిపి ఒక సేవాదళం కట్టాలన్నారు ప్లీడరుగారు. పట్నం కుర్రాళ్లు ఒక్కళ్లే చాలరు, గోపాల్‌పూర్ నుంచి జాలరి కుర్రాళ్లు, పాత్రపూర్ నుంచి రైతుబిడ్డలు కూడా రావాలన్నారు. నలుగుర్నీ కలుపుకు రాగలిగినవాడే దళానికి కార్యదర్శి అని కూడా అన్నారు.

ఆ పదవి నాకు కావాలి. దాచడం ఎందుకు? ఉద్యోగం లేనివాడికి అదే ఉద్యోగం. మా అరుగు మీద కూర్చునే పెద్దలు నన్ను చూసినప్పుడల్లా "ఇంకా ఖాళీయేనా నాయనా" అని అడగడం మానేస్తారు. మా నాన్నగారు నా గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం మానేస్తారు. అంతకన్నా పెద్ద కారణాలేవీ నాకు లేవు. దేశసేవ, ఐకమత్యం లాంటి మాటలు ఉపన్యాసాలకు వాడుకునేవాణ్ణి.

నాకు పోటీ వస్తాడని కలలో కూడా అనుకోనివాడు ఆకుకొట్టు అబ్బాయి. వాళ్ల నాన్న సముద్రం వైపు ఆకుతోటల్లో తమలపాకులు కొని, బరంపురం బజారులో కొట్టు పెట్టి అమ్మేవాడు. వీడు చిన్నప్పట్నించీ గంపల వెంట తిరిగినవాడు. మెట్రిక్ తప్పాడు. నాకన్నా రెండేళ్లు చిన్న, సంఘంలో నాకన్నా చాలా వెనక చేరాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఎందుకంటారో నాకు వీడి వల్లనే అర్థమైంది.

నేను పని మొదలుపెట్టిన తీరు చెబుతాను. ప్లీడరుగారి చేత పరిచయ పత్రాలు రాయించుకున్నాను. ఇస్త్రీ పంచె కట్టుకుని, బస్సెక్కి గోపాల్‌పూర్ వెళ్లాను. జాలర్లు వలలు ఆరేసుకునే చోట నలుగుర్నీ పోగుచేసి, కొత్త రాష్ట్రంలో యువకుల బాధ్యత గురించి ధాటిగా మాట్లాడాను. వాళ్లూ మన తెలుగువాళ్లే కనక నా మాటలు అర్థం కాకపోయే ప్రశ్న లేదనుకున్నాను. అంతా అయ్యాక కులపెద్ద లేచి దణ్ణం పెట్టాడు.

"శానా బాగా సెప్పినారు బాబూ. ఇంతకీ తవరు ఎవులింటికొచ్చినారు?"

నేను ఒక ఇంటికని కాదు, మీ అందరి కోసం వచ్చాను అన్నాను. గొప్ప జవాబు చెప్పాననే అనుకున్నాను. ఆయన తల ఊపి, పరిచయ పత్రాన్ని కళ్లకద్దుకుని చూరులో దోపాడు. అంతే. ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఆ ఇసుకలో నిలబడ్డాను. దాహమేసినా ఏ గుమ్మం ముందు ఆగి అడగాలో తెలియలేదు. అందరింటికీ వచ్చినవాడికి మంచినీళ్లివ్వాల్సిన ఇల్లంటూ ఒకటి ఉండదు కదా.

తిరిగి వచ్చి, పని ముందుకు సాగుతోందని ప్లీడరుగారికి చెప్పాను. ఆయన మాటలు అమ్ముకునే మనిషి, మాటల్లో పస ఎంతో పట్టెయ్యగలరు. ఈసారి ఆకుకొట్టు అబ్బాయిని కూడా తీసుకెళ్లమన్నారు. అలా వెళ్లినప్పటిదే మొదట చెప్పిన కుర్చీ సంగతి.

అతను అక్కడ ఉపన్యాసం చెయ్యలేదు. చేపల పులుసుతో అన్నం తిన్నాడు. ఎవరి పడవకు కొత్త తెరచాప వచ్చిందో అడిగాడు, ఎవరి కూతురికి పురుడొచ్చిందో అడిగాడు. చెయ్యి కడుక్కుంటూ, యాత్రలో నీళ్లు పొయ్యడానికి మనవాళ్లు కావాలి, ఎవరెవరొస్తారు అన్నాడు. కుర్రాళ్లు ఒకర్నొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. నేను ఎండలో గొంతు చించుకున్నా కాని పని అతను ఎంగిలిచెయ్యి కడుక్కున్నంతలో అయిపోయింది. నాకూ భోజనం పెట్టారు, విడిగా, విస్తరి వేసి, ఎంతో మర్యాదగా.

కులపెద్ద రెండో కొడుకు అతనికి నేస్తమట. బస్సులో తిరిగి వస్తూ చెప్పాడు.

నేస్తం అంటే ఇక్కడ ఊరికే స్నేహితుడని కాదు. మా ప్రాంతంలో నేస్తం కట్టడం ఒక ఆచారం. ఒడియావాళ్లు సంగాతొ అంటారు. పూరీ నుంచి తెచ్చి ఎండబెట్టిన ప్రసాదం మెతుకులు ఇద్దరూ ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు, కొత్త బట్టలు మార్చుకుంటారు. ఆ రోజు నుంచి ఒకర్నొకరు పేరుపెట్టి పిలుచుకోరు, "నేస్తం" అనే పిలుపు. ఆ ప్రసాదానికి కులం లేదు, భాష లేదు. ఆ తర్వాత ఆ ఇంటి పెళ్లి ఈ ఇంటి పెళ్లి, ఆ ఇంటి మైల ఈ ఇంటి మైల. ఆకుకొట్టు అబ్బాయికి గోపాల్‌పూర్‌లో ఒక నేస్తం, ఆకుతోటల దగ్గర ఒక సంగాతొ, బరంపురంలోనే ఒడియా వీధిలో ఇంకొకడు. ఆకుల గంపలు దింపిన ప్రతిచోటా ఒకణ్ణి సంపాదించాడు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు అని సంఘంలో నలుగురి ముందూ అతన్ని ఎకసెక్కం చేశాను. అందరితో పాటు అతనూ నవ్వాడు. అలా నవ్వడం చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఇక ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదని, నేనూ నేస్తం కట్టాలని నిశ్చయించుకున్నాను. గోపాల్‌పూర్ ఎలాగూ అతని వశమైంది. పాత్రపూర్ దారి అతనింకా పట్టలేదు. అక్కడ ఒక ఒడియా రైతు ఇల్లు నాకు తెలుసు. ఆ ఇంటి కుర్రాడు పట్నం వచ్చినప్పుడు మా పఠన మందిరానికి వచ్చేవాడు, నా ఈడువాడే. కొత్త పంచె ఒకటి కొన్నాను. ప్రసాదం మెతుకులు సంపాదించి చిన్న గుడ్డలో మూటగట్టుకున్నాను. నా తెలివికి మీరు నవ్వాలి, ప్లీడరుగారి పరిచయ పత్రం కూడా ఒకటి జేబులో పెట్టుకున్నాను. నేస్తం కట్టుకోవడానికి పరిచయ పత్రంతో వెళ్లినవాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

కుర్రాడు సంతోషపడ్డాడు. ఇంట్లో చెబుతానని లోపలికి వెళ్లి నానమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను పుస్తకాల్లో నేర్చుకున్న చక్కటి ఒడియాలో నా కోరిక చెప్పాను. ముసలావిడ నా చేతిలోని పంచె చూసింది, జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం చూసింది, ఆ తర్వాత వీధి వైపు చూసి, మీ అమ్మ బండిలో ఉండిపోయిందా అని అడిగింది. అమ్మ రాలేదన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగాతొ కట్టడమంటే ఇద్దరు మగపిల్లలు అరుగు మీద తేల్చుకునే బేరం కాదట. రెండు వంటిళ్లు కలవాలట. ముందు అమ్మలిద్దరూ ఒకరికొకరు పసుపు రాసుకోవాలి, పిల్లలు ఆ తర్వాత. అమ్మను తీసుకురా, అప్పుడు చూద్దాం అని చెప్పి, బెల్లప్పానకం ఇచ్చి పంపించింది. యాత్రకు మనుషుల సంగతి నా నోట్లోంచి బయటికే రాలేదు.

దారంతా నేను చేసిన ఆలోచన ఒక్కటే. అమ్మను ఎలాగైనా ఒప్పించి మర్నాడే బస్సెక్కించాలి. మా అమ్మ గుమ్మం దాటి వెళ్లే మనిషి కాదు. నాన్నగారికి వేళకు భోజనం, అరుగు మీది పెద్దలకు మజ్జిగ, అదే ఆవిడ లోకం. అయినా కొడుకు కోసం రాదా అనుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే మా వంటింటి గడప మీద ఆకుకొట్టు అబ్బాయి కూర్చుని ఉన్నాడు. గిన్నెలో పెరుగు వేసిన చద్దన్నం, అంచుకు పచ్చిమిరపకాయ. లోపల మా అమ్మ, వాళ్ల అమ్మ ఎదురెదురుగా కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నారు. ఇద్దరి ముఖాల నిండా పసుపే. అమ్మ ఒంటి మీద నేనెన్నడూ చూడని చీర.

"ఆకలేస్తన్నాదా? కాళ్లు కడుక్కుని రా" అంది అమ్మ, ఏమీ జరగనట్టు.

ఆ పొద్దున్నే వాళ్లిద్దరూ నేస్తం కట్టుకున్నారట. వాళ్ల అమ్మ ఏళ్ల తరబడి మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి తమలపాకులు ఇస్తోంది. మా ఇంట్లో ఆకులిచ్చాక కాసేపు కూర్చుని వెళుతుందని నాకు తెలుసు. గమనించాల్సిన విషయమని అనుకోలేదు. జిల్లా అంతా తిరిగి మనుషులతో సంబంధాలు వెతుక్కుంటున్నవాణ్ణి, మా పెరటి తలుపు లోంచి ఎవరు వచ్చి వెళుతున్నారో చూడలేదు.

వాళ్లు వెళ్లేదాకా పళ్లు బిగబట్టాను. వెళ్లగానే అమ్మ మీద పడ్డాను. ఊళ్లన్నీ చాలక మా వంటింట్లోకి కూడా వచ్చేశాడా అన్నాను. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా కట్టుకున్నావన్నాను.

"నిన్నడిగి కట్టుకోవాలేటి? అదేటి, నీ సంఘమా?" అంది అమ్మ.

అప్పుడు పాత్రపూర్ సంగతంతా చెప్పాను. రేపు ఒక్కపూట వచ్చి పసుపు రాసి వచ్చేస్తే చాలు, నా పని అయిపోతుందని బతిమాలాను. అమ్మ వక్కల బుట్ట తీసి అల్మారాలో పెడుతూ, నా వైపు తిరగకుండానే జవాబిచ్చింది.

"నాకున్న నేస్తం నాకు సాలు. నీ పనికోసరం ఎవులికో నాను పసుపు రాయను."

ఆ తర్వాత రెండు వారాలూ నేను నిప్పుల మీద నడిచాను. అతను కావాలనే ఇదంతా చేయించాడని, తల్లిని ముందు పంపి మా ఇంటిని కూడా తన ఖాతాలో వేసుకున్నాడని నాకు గట్టి నమ్మకం. సందులో ఎదురుపడితే "అన్నియ్యా" అని పిలిచేవాడు. అంతకుముందు "పంతులుగారబ్బాయిగారూ" అనేవాడు. ఆ పాత పిలుపే నయం, అందులో కనీసం దూరమైనా ఉండేది. మా అమ్మ పండగపూట చేసిన అరిసెలు ముందు ఆ ఇంటికి వెళ్లాయి. మిగిలినవి నాకు. కన్నతల్లి చేతి అరిసెలకు కూడా వాడి తర్వాతేనా అని, ఇరవై రెండేళ్లు వచ్చినవాణ్ణి, లోలోపల పసిపిల్లాడిలా ఉడుక్కున్నాను.

చివరికి ప్లీడరుగారు పఠన మందిరంలో సమావేశం పెట్టారు. తెలుగు సంఘం, ఒడియా సంఘం మొదటిసారి ఒకే చాప మీద కూర్చున్నాయి. గోపాల్‌పూర్ నుంచి కులపెద్ద కొడుకు తన జట్టుతో వచ్చాడు. పాత్రపూర్ నుంచి కూడా వచ్చారు, ఆకుకొట్టు అబ్బాయి అక్కడికీ వెళ్లొచ్చాడన్నమాట. నాకు పానకం ఇచ్చి పంపిన ఇంటి కుర్రాడు వాళ్లలో ముందు వరసలో కూర్చున్నాడు, నన్ను చూసి చెయ్యి ఊపాడు. కార్యదర్శిగా ఎవరుండాలి అని ప్లీడరుగారు అడగ్గానే గదిలో తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. నా వైపు కాదు. నేను గోడకున్న మేకుల వంక చూస్తూ కూర్చున్నాను. అరుగు మీది పెద్దల ముఖాలు, నాన్నగారి గొంతు, అన్నీ చెవుల్లో, కళ్లలో మెదిలాయి.

అతను లేచి నిలబడి నా వైపు చెయ్యి చూపించాడు.

"నానొద్దండి. మా అమ్మా, ఆరమ్మగారూ నేస్తాలు. ఆరు నాకు అన్నియ్య వరస. అన్న ఉండగా తమ్ముడికి పెత్తనమేటండి? నాను నీలు మోస్తాను."

అదే మాట ఒడియాలో కూడా చెప్పాడు. రెండు భాషలవాళ్లూ చప్పట్లు కొట్టారు. అంత సబబైన మాట ఎవరూ కాదనలేరు. ప్లీడరుగారు నా పేరు చదివారు. నేను లేచి దణ్ణం పెట్టాను. కోరుకున్నది చేతికొచ్చింది, కానీ వాడు తిని మిగిల్చిన విస్తరిలో వడ్డించినట్టు వచ్చింది.

యాత్ర బాగా జరిగింది. నాకు గుడ్డ బిళ్ల ఒకటి ఇచ్చారు, చొక్కాకు తగిలించుకుని చలివేంద్రం నుంచి చలివేంద్రానికి తిరిగేవాణ్ణి. కుర్రాళ్లు నన్ను చూడగానే మాటలాపి లేచి నిలబడేవారు. నేను ముందుకెళ్లగానే వెనక నవ్వులు మళ్లీ మొదలయ్యేవి. ఆకుకొట్టు అబ్బాయి నీళ్ల పీపా లాగే జట్టులో ఉన్నాడు. జాలరి కుర్రాళ్లు ఒక పక్క, ఒడియా కుర్రాళ్లు ఒక పక్క, మధ్యలో మోకాళ్ల దాకా తడిసిన అతను. రోజుకు ఎన్నిసార్లు అటు చూశానో. ఏదో వంక పెట్టి ఒకసారి నేనూ ఆ పీపాకు చెయ్యి వేశాను. వెంటనే నలుగురు పరిగెత్తుకొచ్చి, "తవరెందుకు బాబూ" అని నా చెయ్యి తీసేశారు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ గెంటలేదు.

ముగింపు రోజు సభ చేశారు. అధికారులొచ్చారు. భాషలు వేరైనా మనసులు కలపడంలో ఈ యువకుడి నేర్పు అసామాన్యమని ప్లీడరుగారు నా గురించి మాట్లాడారు. పెద్ద బంతిపూల దండ వేశారు. మా నాన్నగారు మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. పక్కాయనతో గొంతు తగ్గించకుండా, "మావాడే" అనడం నాకు వినబడింది. ఆ ఒక్కమాట కోసమే కదా ఇంత ఏడుపూ ఏడ్చాను. ఆ నిమిషం నా అసూయ చల్లారిపోయిందనే అనుకున్నాను.

ఆ దండ అమ్మకు చూపించాలని సాయంత్రం ఇంటికి త్వరగా వచ్చాను. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. నాకు బుద్ధి తెలిశాక ఆ తలుపుకు బయటనుంచి గొళ్లెం చూడటం అదే మొదలు. పక్కింటావిడ చెప్పింది, మీ అమ్మ నేస్తం ఇంటికి వెళ్లిందని.

దండ చేతికి చుట్టుకుని బజారు వెనక సందులో వాళ్ల ఇంటికి వెళ్లాను. వీధిలోకే వినబడింది నవ్వు. ఇద్దరాడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకరు ఆపితే ఒకరు మొదలెడుతున్నారు. మొదట నేను గుర్తుపట్టలేదు. ఎవరో పడుచు పిల్ల అనుకున్నాను. దగ్గరికి వెళ్లాక తెలిసింది, అది మా అమ్మ. మా ఇంట్లో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ నవ్వు నేను వినలేదు. నాన్నగారు వినుంటారని కూడా నేననుకోను.

ఆకుకొట్టు అబ్బాయి గుమ్మంలో కూర్చుని గంపలో ఆకులు తడుపుతున్నాడు. లోపలి నవ్వుకు అతనికీ నవ్వొస్తోంది. అతనికి అది ముందే అలవాటైన నవ్వు. నన్ను చూసి లేచి, పక్కకు జరిగాడు.

"రా అన్నియ్యా, లోనకి రా."

పనుందని చెప్పి వెనక్కి తిరిగాను. జాలరిపేటను చూసి, పాత్రపూర్‌ను చూసి, ఆ నీళ్ల పీపాను చూసి నేను పడ్డ కుళ్లంతా ఒక ఎత్తు. ఆ గుమ్మంలో నిలబడి మా అమ్మ నవ్వు విన్నప్పుడు పుట్టింది ఒక ఎత్తు. అది ఇవాళ్టికీ తగ్గలేదు.

దీపాలు పెట్టే వేళకు అమ్మ వచ్చింది. గూట్లో పెట్టిన దండ చూసి, బాగుందని, నాన్నగారు అన్నీ చెప్పారని అంది. పొయ్యి రాజేస్తుంటే వంటింటి గడప మీద కూర్చున్నాను. అంతలా దేనికి నవ్వుకున్నారు అని అడిగాను.

అమ్మ చెప్పబోయినట్టే నోరు తెరిచి, నా ముఖం చూసి మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

"సెప్పినా నీకు నవ్వు రాదురా" అని, నా కంచంలో అన్నం వడ్డించింది.